పాటల ఖజానాకు పద్దుపుస్తకం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు కంప్యూటరును గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గం వారు మమ్ములను కోరినారు. కంప్యూటరంటే మహాసముద్రం. అందులో మనందరి ఇళ్లకు పనికివచ్చే ఒక చిన్న పాయను మాత్రమే ఈ పూట పట్టుకుంటాము. మన ఇళ్లలో పేరుకుపోయిన ఖవ్వాలీలు, గజళ్లు, నాతులు, సినిమా పాటలు ఉన్నాయి గదా, వాటిని ఒక డేటాబేసులో పద్దు వేసుకొని, కావలసినప్పుడు కావలసినదానిని వెదికి తీసుకోవడం ఎలాగ అన్నదే మా విషయం. మేము ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు చెప్పుకొనేవాళ్లము. మా తెలుగులో అక్కడక్కడ ఉర్దూ వాసన తగిలితే పెద్దలు సర్దుకొందురు గాక.

మొదటనే ఒక ప్రశ్న వస్తుంది. ఫోనులో పేరు కొడితే ఏ పాట అయినా వస్తున్నదే, మరి ఈ పద్దులెందుకు అని. నిజమే. పేరు తెలిసిన పాట వస్తుంది. అచ్చయి, అమ్ముడుపోయి, కంపెనీ చీటీ అంటించుకొన్న పాట వస్తుంది. మన బీరువాలలో ఉన్నది అటువంటి సరుకు మాత్రమే కాదు. ఫిలిప్స్ కంపెనీ వారు 1963లో చిన్న క్యాసెట్టును లోకానికి చూపించినారు. 1970ల తరువాత మనవాళ్లు గల్ఫ్ దేశాలకు పోవడం, సెలవుకు వస్తూ టేప్ రికార్డరు తేవడం మొదలైంది. అప్పటి నుంచి ఉర్సులలో, పెళ్లిళ్లలో, మొహల్లా ముషాయిరాలలో రికార్డు చేసిన క్యాసెట్లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటి మీద చీటీ ఊడిపోయింది. ఉన్న చీటీ మీద ‘ఖవ్వాలీ, రెండవది, మంచిది’ అని మాత్రం ఉంటుంది. ఈ సరుకు ఏ పేరు కొట్టినా రాదు. అది మన దగ్గర తప్ప ఎక్కడా లేదు.

ఈమధ్య మన పిల్లలు ఈ క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. సంతోషం. అయితే ఎక్కించిన తరువాత ఆ ఫైళ్ల పేర్లు చూడండి: ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు, కొత్త రికార్డింగు, కొత్త రికార్డింగు కాపీ. సాధారణపు ఎంపీ3 లెక్కలో నిమిషానికి సుమారు ఒక ఎంబీ పడుతుంది. అయిదు నిమిషాల పాట అయిదు ఎంబీలు. గోరంత ఉండే 16 జీబీల కార్డులో మూడు వేల పైచిలుకు పాటలు పడతాయి. మూడు వేల ట్రాక్ ఒకట్లు! క్యాసెట్టు రోజులలో కనీసం డబ్బా రంగు చూసి, పగుళ్లు చూసి, ఇది మామూజాన్ తెచ్చినది అని గుర్తుపట్టేవాళ్లము. ఫైలుకు రంగూ లేదు, పగులూ లేదు.

పాటకు పేరు లేకపోతే ఏమవుతుందో రికార్డుల తొలి రోజులలోనే తెలిసినవారు ఉన్నారు. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినాడు. ఆమె పాట ముగించి, చివరలో తన పేరు తానే ఇంగ్లీషులో బిగ్గరగా చెప్పేది. అది గర్వం కాదు. ఆ ముద్రలు ఓడెక్కి జర్మనీలో హానోవరుకు పోవాలి, అక్కడ రికార్డులుగా తయారు కావాలి. అక్కడి పనివాళ్లకు ఈ గొంతు ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? అందుకని పేరు పాటలోనే దాచిపెట్టి పంపినారు. నూరేళ్లు దాటిన తరువాత కూడా ఆ రికార్డు పెడితే ఆమె పేరు ఆమె నోటనే వినబడుతుంది. మన ఉర్సు క్యాసెట్లలో అటువంటి అదృష్టం లేదు. ఎవరూ పేరు చెప్పలేదు, అప్పుడు అందరికీ తెలుసు గనుక.

సరే, ఇప్పుడు డేటాబేసు అంటే ఏమిటో చూద్దాము. చాలామంది ఇది ఇంజనీర్ల వ్యవహారమని దూరం పెడతారు. మేమైతే దీనిని మా పాఠశాల అడ్మిషన్ రిజిస్టరుతో పోల్చి చెబుతాము. ఒక తరగతిలో ఇద్దరు అబ్దుల్ రహీములు ఉంటారు. ఒక్కొక్కప్పుడు ముగ్గురు. పేరుతో పిలిస్తే ముగ్గురూ లేచి నిలబడతారు. అందుకని ప్రతి పిల్లవానికి ఒక అడ్మిషన్ నంబరు. ఆ నంబరు మరొకరికి రాదు, పిల్లవాడు చదువు మానినా దానిని ఇంకొకరికి ఇవ్వము. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ ఆ ఒక్క రిజిస్టరులోనే ఉంటాయి. మార్కుల రిజిస్టరులో మళ్లీ తండ్రి పేరు, చిరునామా రాయము. నంబరు వేసి మార్కు వేస్తాము, అంతే. రేపు తండ్రి పేరులో అక్షరం సరిదిద్దవలసి వస్తే అడ్మిషన్ రిజిస్టరులో ఒక్కచోట దిద్దితే చాలు. మార్కుల పుస్తకాన్ని ముట్టుకోనక్కరలేదు.

ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1970లో ప్రచురించిన వ్యాసం ఈ శాస్త్రానికి పునాది. సమాచారాన్ని వరుసలు, గడులు ఉన్న పట్టీలుగా పెట్టి, పట్టీకి పట్టీకి మధ్య సంబంధం కలపాలన్నది ఆయన చెప్పిన మాట. దానిని ఇంట్లో వాడుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఎస్‌క్యూలైట్ అనే ఉచిత డేటాబేసు ఉన్నది. రిచర్డ్ హిప్ అనే అమెరికా ఆయన 2000లో దీనిని వెలువరించి, ఎవరైనా ఎట్లాగైనా వాడుకొనేటట్లు వదిలిపెట్టినాడు. మీ జేబులో ఉన్న ఫోనులో ఇప్పటికే అది పనిచేస్తున్నది. మీ పరిచయస్తుల నంబర్లు, వాట్సాప్ సందేశాలు నిలవ ఉండేది దానిలోనే. మొత్తం డేటాబేసు ఒకే ఒక్క ఫైలుగా ఉంటుంది. పెన్ డ్రైవులో వేసుకొని పక్క ఊరికి పోవచ్చు. దానిని తెరిచి గడులు నింపడానికి డీబీ బ్రౌజర్ అని ఇంకొక ఉచిత సాధనం ఉన్నది. లెక్కల పట్టిక నింపడం వచ్చినవారికి ఇదీ వస్తుంది.

ఇక్కడ కొందరు అడుగుతారు, పాట ఫైలులోనే పేరు రాసుకొనే వసతి ఉన్నది గదా అని. ఉన్నది. దాని కథ వినదగినదే. 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఎంపీ3 ఫైలు చివరన 128 బైట్ల చీటీ అంటించే పద్ధతి పెట్టినాడు. ఐడీ3 అని పేరు. పాట పేరుకు 30 అక్షరాలు, గాయకునికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, మిగిలిన మాటలకు 30, పాట రకానికి ఒక్క బైటు. ఇంగ్లీషు అక్షరాలలో ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్ అని రాస్తే ఖాళీలతో కలిపి 27 అవుతాయి. ‘అండ్ పార్టీ’ అని చేర్చబోతే పార్టీ గోడ బయటే నిలబడిపోతుంది! పాట రకం కోసం మొదట 80 పేర్ల జాబితా పెట్టినారు. బ్లూస్, జాజ్, రాక్ ఉన్నాయి. ఖవ్వాలీ లేదు, గజల్ లేదు, బుర్రకథ అసలే లేదు. 1998లో వచ్చిన రెండవ పద్ధతిలో పొడవు చిక్కు తీరింది. కాని అసలు చిక్కు పొడవుది కాదు.

అసలు చిక్కు ఏమిటంటే ఆ చీటీ ‘ఆర్టిస్టు ఎవరు’ అని ఒక్క ప్రశ్న అడుగుతుంది. మన సంగీతానికి ఆ ఒక్క ప్రశ్న చాలదు. మఖ్దూం మొహియుద్దీన్ గారి సంగతి తీసుకోండి. ఆయన 1969లో కాలం చేసినారు. 1964లో వచ్చిన ‘ఛా ఛా ఛా’ అనే హిందీ చిత్రంలో ఆయన కవిత ఉన్నది. ఇఖ్బాల్ ఖురేషీ సంగీతం, పాడినది రఫీ, ఆశా భోంస్లే. ఆయన పోయిన పదమూడేళ్లకు 1982లో వచ్చిన ‘బాజార్’ చిత్రంలో ఆయన గజల్ ఉన్నది. ఖయ్యాం సంగీతం, పాడినది లతా మంగేష్కర్, మన హైదరాబాదులో పుట్టిన తలత్ అజీజ్. రెండూ మీ కంప్యూటరులో ఉన్నాయి. కాని ఆర్టిస్టు గడిలో రఫీ అని, లతా అని ఉంటుంది. ‘మా దగ్గర మఖ్దూం కలాం ఏమేమున్నది’ అని అడిగితే యంత్రం ఏమీ లేదంటుంది. మన కవి మన పెట్టెలోనే దాగి ఉండి, మనకే కనబడడు.

ఖవ్వాలీలోనైతే మరీను. అమీర్ ఖుస్రో కలాం ఎత్తుకొంటారు. మధ్యలో గిరహ్ వేస్తూ ఇంకొక కవి షేర్లు రెండు, మరొక కవివి నాలుగు కలుపుతారు. ఆ రాత్రి సభలో ఉన్నవారి మనసునుబట్టి ఖవ్వాలు ఎటు పోతాడో ఆయనకే తెలియదు. ఒక్క రికార్డింగులో నలుగురు కవులు. ఈ నలుగురిని ఒక్క గడిలో ఎట్లా కుక్కుతారు? కామాలు పెట్టి కుక్కితే తరువాత వెదకడానికి చిక్కులు వస్తాయి.

అందుకని మేము సూచించేది నాలుగు పట్టీలు. మనుషుల పట్టీ ఒకటి, అందులో కవి గాని గాయకుడు గాని తబలా వాయించినవారు గాని, ఎవరైనా ఒక్కొక్కరికి ఒక్కొక్క నంబరు. కలాముల పట్టీ ఒకటి. రికార్డింగుల పట్టీ ఒకటి, ఇందులో ఎక్కడ, ఎప్పుడు, ఏ క్యాసెట్టు ఏ వైపు, కంప్యూటరులో ఫైలు ఎక్కడ ఉన్నది అనే వివరాలు. నాలుగవది వీటిని కలిపే పట్టీ. ఇది చూడడానికి బోసిగా ఉంటుంది. రికార్డింగు నంబరు, మనిషి నంబరు, ఆ మనిషి చేసిన పని, అంతే. రికార్డింగు 212, మనిషి 17, కవి. రికార్డింగు 212, మనిషి 40, గాయకుడు. గిరహ్‌లో నలుగురు కవులుంటే నాలుగు వరుసలు. పదిమంది ఉంటే పది. ఇరుకు లేదు. బలమంతా ఈ బోసి పట్టీలోనే ఉన్నది.

ఒక మాట. మా మిత్రులొకరు పట్టీకి ‘పాటలు’ అని పేరు పెట్టినారు. నాతులు, హమ్దులు ఎక్కించవలసి వచ్చేసరికి ఇంట్లో పెద్దవారు ఇవి పాటలెట్లా అవుతాయని కోపగించినారట. వారి మాట న్యాయమే. ‘రికార్డింగులు’ అని పేరు పెడితే ఎవరికీ నొప్పి లేదు. రకం అనే గడిలో నాత్, హమ్ద్, ఖవ్వాలీ, గజల్, సినిమా అని రాసుకోవచ్చు. ఇది మన పట్టీ గనుక 80 పేర్ల జాబితా మనలను శాసించదు.

ఫోల్డర్లు చేసి పెట్టుకొంటే చాలదా అని కూడా అడుగుతారు. ఒక ఫైలు ఒక ఫోల్డరులోనే కూర్చుంటుంది. కాని మన ప్రశ్నలు నలుదిక్కుల నుంచి వస్తాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారి బుర్రకథ తెలుగు ఫోల్డరులో పెట్టాలా, జానపదంలో పెట్టాలా? 1986లో పద్మశ్రీ అందుకొన్న ఆయనను మనవారు అనే ఫోల్డరులో పెట్టాలా? ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం కర్ణాటక సంగీతంలో పెడితే, తెలుగు నేల ముస్లిం కళాకారులు ఎవరెవరని పిల్లవాడు అడిగిన రోజున ఎక్కడ నుంచి తీస్తారు? పట్టీలో అయితే ప్రశ్ననుబట్టి జాబితా అప్పటికప్పుడు తయారవుతుంది. ఫైలు కదలదు.

ప్రశ్న అడిగే భాషకు ఎస్‌క్యూఎల్ అని పేరు. భయపడవలసింది లేదు, మూడు మాటలు తెలిస్తే సగం భాష వచ్చినట్లే. సెలెక్ట్ అంటే ఏమి కావాలి, ఫ్రమ్ అంటే ఏ పట్టీలో నుంచి, వేర్ అంటే ఏ షరతు మీద. గాయకుడు మొహమ్మద్ రఫీ, భాష తెలుగు అని రెండు షరతులు పెట్టి మొన్న మా పట్టీని అడిగినాము. 1969 నాటి ‘భలే తమ్ముడు’, 1976 నాటి ‘ఆరాధన’ పాటలు వరుసగా వచ్చి నిలబడినాయి. రెండింటిలోనూ రామారావు గారికి పాడినది రఫీయే. మా తరగతి పిల్లలు రఫీ సాహెబ్ తెలుగులో పాడినారని అదే మొదటిసారి విన్నారు. ఆ పాటలు మా దగ్గర పదిహేనేళ్ల నుంచి ఉన్నాయి. భాష అనే గడి వేసి నింపిన తరువాతనే బయటపడినాయి.

పేర్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే వెదుకులాట చెడేది ఇక్కడనే. ఇంగ్లీషు అక్షరాలలో మొహమ్మద్ అనే పేరును మనవాళ్లు ఎన్ని విధాల రాస్తారో మీకు తెలుసు. ‘ఓ’ పెట్టి, ‘యూ’ పెట్టి, ‘ఈ’ పెట్టి, ‘ఏ’ పెట్టి, పొట్టిగా రెండక్షరాలు వేసి చుక్క పెట్టి. చినమౌలానా గారి షేక్‌కు ‘హెచ్’ ఉన్నదా లేదా, మౌలానాలో ‘ఏ’ వేయాలా ‘ఓ’ వేయాలా అన్నదీ ఒక్కొక్క క్యాసెట్టు మీద ఒక్కొక్క విధం. మనిషి ఒక్కరే, యంత్రానికి అయిదుగురు. స్పెల్లింగే కాదు, పేరే మారినవారు ఉన్నారు. అఖ్తరీబాయి ఫైజాబాదీ అని పాత రికార్డుల మీద ఉంటుంది. 1945లో వివాహమైన తరువాత ఆమెయే బేగం అఖ్తర్. రెండు పేర్ల కింద రెండు నంబర్లు ఇస్తే ఒక మహాగాయని జీవితం రెండు ముక్కలవుతుంది. దీనికి ఉపాయం: మనిషికి నంబరు ఒక్కటే, మారుపేర్లకు వేరే చిన్న పట్టీ. ఏ పేరుతో ఎవరు వెదికినా ఆ ఒక్క నంబరు దగ్గరికే చేరాలి. క్యాసెట్టు మీద ఉన్న స్పెల్లింగును చెరిపివేయవద్దు, అదీ ఒక సాక్ష్యమే. దానిని మారుపేర్లలో చేర్చండి.

ఉర్దూ లిపిలో రాసుకొనేవారికి ఇంకొక మోసం పొంచి ఉన్నది. ఇది మేము ఉర్దూ చెప్పుకొనేవాళ్లము గనుక తప్పక చెప్పాలి. కంప్యూటరులో ప్రతి అక్షరానికి యూనికోడ్ వారిచ్చిన ఒక సంఖ్య ఉంటుంది. అరబ్బీ ‘యే’కు 1610. ఉర్దూ, ఫార్సీ ‘యే’కు 1740. అరబ్బీ ‘కాఫ్’కు 1603, ఉర్దూ ‘కాఫ్’కు 1705. ‘హే’కు కూడా ఇట్లాగే 1607 ఒకటి, 1729 ఒకటి. మాట మధ్యలో వచ్చినప్పుడు ఆ రెండు ‘యే’లకు కంటికి తేడా ఉండదు. అరబ్బీ కీబోర్డు ఉన్న ఫోను మీద అబ్బాయి ఒక పేరు కొడతాడు, ఉర్దూ కీబోర్డు మీద అమ్మాయి అదే పేరు కొడుతుంది. తెర మీద చూస్తే అచ్చం ఒకటే. వెదికితే ఒకటి దొరుకుతుంది, రెండవది దొరకదు. ఫైలు పోయిందని ఇల్లంతా గగ్గోలు. ఫైలు ఎక్కడికీ పోలేదు, 1610కి 1740కి మధ్య చిక్కుకొని ఉన్నది. అందుకని పేరుకు రెండు గడులు ఉంచాలి. ఒకదానిలో పేరు ఉన్నది ఉన్నట్లు. రెండవది వెదకడానికి మాత్రమే. అందులో అరబ్బీ సంఖ్యలన్నిటిని ఉర్దూ సంఖ్యలుగా మార్చి, జబర్, జేర్, పేష్ తీసివేసి పెట్టాలి. మార్చే పని యంత్రమే చేస్తుంది, ఒకసారి చెబితే చాలు. వెదికేవారు కొట్టిన మాటను కూడా అదే జల్లెడలో పోసి వెదికితే ఇంక తప్పించుకొనేది ఉండదు. నిఘంటువులు చూసేవారికి ఇది తెలిసిన పనే.

కలాం మాటలు కూడా రాసి పెట్టుకొంటే ఇంకా మేలు. ఎస్‌క్యూలైట్‌లోనే పూర్తిపాఠాన్ని వెదికే ఏర్పాటు ఉన్నది. గ్రంథం వెనుక విషయసూచికలో ఏ మాట ఏ పేజీలో ఉన్నదో ఉంటుంది గదా, అట్లాగే ఏ మాట ఏ కలాములో ఉన్నదో అది సూచిక కట్టుకొంటుంది. మత్లా గుర్తులేక, మధ్యలోని ఒక్క మాట గుర్తున్నా పాట చేతికొస్తుంది. అయితే ఇది ఓపికతో కూడిన పని, అందరి వల్లా కాదు. దస్తూరీ బాగున్న పిల్లలకు పూర్వం నఖలు రాయమని ఇచ్చేవారు, ఇప్పుడు టైపు బాగా వచ్చిన పిల్లలకు ఇవ్వవచ్చు. పనిలో పనిగా ఉర్దూ వస్తుంది.

అచ్చయిన రికార్డుల మట్టుకు అంత కష్టపడనక్కరలేదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అని రాబర్ట్ కే అనే ఆయన 2000లో మొదలుపెట్టిన ఒక ఉమ్మడి పట్టీ ఉన్నది. దేశదేశాలవాళ్లు తమకు తెలిసినది అందులో చేరుస్తారు. పికార్డ్ అనే దాని సాధనం మీ ఫైలులోని నాదాన్ని పరిశీలించి, వేలిముద్ర వంటిది తీసి, ఆ పట్టీలో ఉంటే పేరు చెబుతుంది. అంతకుముందు సీడీల పాటల పేర్లకు ఇటువంటి పట్టీ ఒకటి ఉండేది. జనం ఉచితంగా నింపినారు, తరువాత అది వ్యాపారం చేతికి పోయింది. నింపినవారికి కడుపుమండి ఇటువంటి స్వేచ్ఛాపట్టీలు లేవదీసినారు. మనం నింపేది ఎవరి చేతిలో ఉండాలో ముందే ఆలోచించుకోవాలని ఆ కథను బట్టి మేము అనుకొన్నాము. మన ఫైలు మన దగ్గర ఉండనీయండి.

కాని వేలిముద్ర తీసే యంత్రం మన ఊరి ఉర్సు ఖవ్వాలీని గుర్తుపట్టదు. దానికి మనుషులే కావాలి. మా మొహల్లాలో ఎనభై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. చూపు మందగించింది, చెవి ఇంకా గట్టిదే. చీటీ లేని క్యాసెట్టును ఎక్కించి ఒక సాయంత్రం ఆయనకు వినిపించినాము. పాట ఎత్తుకోకముందే, ఒట్టి హార్మోనియం రెండు వరుసలు పలికేసరికి, ఇది ఫలానా ఆయన చేయి అన్నారు. తరువాత గొంతు వినబడింది, ఆయనే. ఏ సంవత్సరం అన్నాము. ఇంటి పక్క మినార్ కడుతున్న ఏడు అన్నారు. మినార్ కట్టిన సంవత్సరం మస్జిద్ లెక్కల పుస్తకంలో దొరికింది. రెండు నిమిషాలలో నాలుగు గడులు నిండినాయి. ఆయన కంటే పెద్దవారు ఇంకొకరు ఉండేవారు, పోయిన ఏడాది కాలం చేసినారు. ఆయనకు వినిపించాలని పక్కన పెట్టిన క్యాసెట్లు పదిహేడు. వాటిలోని గొంతులు శుభ్రంగా ఉన్నాయి, మాట మాటా తెలుస్తున్నది. ఎవరివో చెప్పేవారు మాత్రం లేరు.

కాబట్టి పెద్దలు ఉన్న ఇళ్లలో మొదట చేయవలసింది వినిపించడం. టైపు తరువాత చేసుకోవచ్చు. పట్టీలో ‘ఎవరు గుర్తుపట్టినారు’, ‘ఏ తేదీన’, ‘ఎంత నమ్మకంగా’ అని మూడు గడులు ఉంచండి. ఇద్దరు పెద్దలు ఇద్దరి పేర్లు చెబితే కొట్లాట తీర్చనక్కరలేదు, రెండు వరుసలు రాసి ఉంచండి. ఏమీ తెలియకపోతే ఆ గడిని నిజంగా ఖాళీగా వదలండి. తెలియదు అనే మాట కూడా రాయవద్దు. డేటాబేసులో ఖాళీకి నల్ అని ఒక పేరున్నది. పేర్లు లేనివన్నీ చూపించు అని అడిగితే ఖాళీలన్నీ ఒక్కసారి వస్తాయి. ఒకచోట ‘తెలియదు’, ఒకచోట ‘నామాలూం’, ఒకచోట గీత, ఒకచోట ప్రశ్నార్థకం ఉంటే ఆ జాబితా తప్పుతుంది. ఆ జాబితాయే పెద్దల దగ్గరికి తీసుకుపోవలసిన జాబితా.

అటువంటి క్యాసెట్లలో ఖవ్వాలీ అయిపోయిన తరువాత మిగిలిన టేపు మీద ఒక్కొక్కప్పుడు ఇంటివాళ్ల గొంతులు ఉంటాయి. ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్టులో మాట్లాడి గల్ఫ్‌కు పంపేవారు, అక్కడి నుంచి జవాబు అదే క్యాసెట్టు మీద వచ్చేది. ఒక దాదీ తన కొడుకును భోజనం చేసినావా అని అడుగుతుంది, వెనుక కోడి కూస్తుంది. పాటలు ఏరుకొనే తొందరలో పిల్లలు ఈ ముక్కలను కోసి పారేస్తున్నారు. పారేయవద్దని చేతులెత్తి మనవి చేస్తున్నాము. దానికీ ఒక నంబరు ఇచ్చి, రకం గడిలో ‘మాటలు’ అని రాయండి. అయితే అది ఆ ఇంటి ఆస్తి. వారి అనుమతి ఉన్నదా లేదా అనే గడి ఒకటి పెట్టి, లేదని ఉన్నవాటిని ఎవరికీ పంపకూడదు. పాటల విషయంలో కూడా పద్దు రాసుకోవడం వేరు, పాట పంచిపెట్టడం వేరు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రికార్డు అచ్చయిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు దాని హక్కు నిలుస్తుంది. కవి హక్కు ఆయన పోయిన తరువాత మరో 60 ఏళ్లు. పద్దును ఎంతమందికైనా చూపించవచ్చు.

మన సంఘం ఈ పని చేపడితే ఎట్లా జరగాలో కార్యవర్గం వారు ఆలోచిస్తారు. మా మనవి ఇంతమట్టుకే. మొదటి రోజే నాలుగు పట్టీలు, మారుపేర్లు అని బెదిరిపోవద్దు. ఒక లెక్కల పట్టికలో ఒక్కొక్క ఇంటివారు క్యాసెట్టు నంబరు, వైపు, ఎన్నవ నిమిషంలో ఏమున్నది, ఎవరు చెప్పినారు అని నింపి తెస్తే చాలు. దానిని ఎస్‌క్యూలైట్‌లోకి ఎక్కించి పట్టీలుగా విడదీసే పని డిగ్రీ చదువుతున్న మన పిల్లలు ఒక ఆదివారంలో చేయగలరు. క్యాసెట్టు డబ్బా మీద, లోపలి రీలు చట్రం మీద కూడా అదే నంబరు చెరగని సిరాతో వేయండి, డబ్బాలు మారిపోతుంటాయి. ఫైలు పేరులో కూడా నంబరు ఉండాలి, మొదట్లోనే. ఒకే పాట నాలుగు ఫోన్లలో తిరిగి నాలుగు పేర్లతో వస్తే, ఫైలు లోపలి బైట్లను లెక్కకట్టి ఒక్కటేనని పట్టిచ్చే సాధనాలు ఉన్నాయి. అదీ పిల్లలకు తెలుసు.

పద్దు ఫైలుకు మూడు నకళ్లు ఉండాలి. ఒకటి సంఘం కంప్యూటరులో, ఒకటి పెన్ డ్రైవులో, ఒకటి వేరే ఊరిలో ఉన్న సభ్యులెవరి దగ్గరైనా. ఏడాదికొకసారి, ఇదే వార్షికోత్సవం ముందు, మొత్తం జాబితాను కాగితం మీద కూడా అచ్చుతీసి బైండు చేయించాలి. కరెంటు లేనప్పుడు చూసుకోవచ్చు. కంప్యూటరు ముట్టని పెద్దలు పెన్సిలు పట్టుకొని ఖాళీ గడులు నింపి ఇవ్వవచ్చు. నింపవలసిన కాగితాలు కొన్ని తెచ్చి ద్వారం దగ్గర బల్ల మీద పెట్టినాము. ఇంటికొకటి చొప్పున తీసుకొని, రంజాన్ నెల మొదలయ్యే లోపల కార్యదర్శి గారికి అందజేయగలరు.